బందరు రొంపిలో గడులు

నల్లబట్టలు తొడుక్కున్న దొరలిద్దరు రాత్రివేళ ఉప్పురొంపిలో దిగారు. ఒకరు కెప్టెన్ యార్క్, రెండోవారు కెప్టెన్ నాక్స్. 1759 వేసవి మొదలు. ఎదురుగా చీకట్లో బందరు కోట నైరుతి మూల. అటువైపు బురుజుల మీద కాపలా పలచన. ఎందుకంటే అక్కడ గోడకన్నా గట్టి కాపలా ఊబేనని కోటలో ఉన్న ఫ్రెంచివాళ్ల ధీమా. మనిషి దిగితే చాలు, నడుం దాకా కూరుకుపోతాడనీ, ఫిరంగి మాట దేవుడెరుగు, తుపాకీ కూడా మోసుకురాలేడనీ లెక్క.

ఆ లెక్క తప్పని చెప్పింది ఊళ్లోవాళ్లు. కోటలో పనిపాటలకు పోయే మనుషులు అప్పుడప్పుడు చుట్టూ తిరగలేక ఆ మూలనే అడ్డదారిన రొంపిలో పడి నడిచిపోతారన్న మాట యార్క్ చెవిన పడింది. విన్నమాట నమ్మి సిపాయిల్ని పంపడం కాదు, తానే దిగి చూడాలనుకున్నాడు. తోడుకు నాక్స్. దాదాపు అవతలి అంచు దాకా వెళ్లారు. బురద మోకాలి లోతు. పట్టు కూడా అంత గట్టిది కాదు, కాలు లాగితే వస్తోంది. చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగొచ్చి, తమ ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్‌కు ఆ సంగతి చెప్పారు.

మోకాలి లోతు. ఏప్రిల్ 7 అర్ధరాత్రి బందరు కోట చేతులు మారడానికి కారణాలు చాలా చెప్పొచ్చుగానీ, నాకు ముందు కనిపించేది ఈ కొలతే. ఆ అడ్డదారి చెప్పిన ఊరి మనిషి పేరు, అప్పటి యుద్ధాలన్నీ పూసగుచ్చినట్టు రాసిన రాబర్ట్ ఓర్మ్ పుస్తకంలో లేదు. కెప్టెన్ల పేర్లు అన్నీ ఉన్నాయి.

ఈ కథ ఇప్పుడెందుకంటే, దీన్ని మా పెంటపాడు ఇంట్లో భోజనాల బల్ల మీద మళ్లీ ఆడించాను. నా మేనల్లుడు హైదరాబాదులో చదువుకుంటున్నాడు. వాడికీ, వాడి స్నేహితులకీ ఒక పిచ్చి పట్టింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు కథ నడిపిస్తాడు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. మాంత్రికుడో, కత్తివీరుడో, దొంగో. ఇరవై ముఖాల పాచిక దొర్లించి, గెలుపోటములు తేలుస్తారు. 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో గ్యారీ గైగాక్స్ అనే ఆయన, మిన్నెసోటాకు చెందిన డేవ్ ఆర్నెసన్‌తో కలిసి అచ్చువేసిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ ఆటలన్నిటికీ పెద్దన్న. యుద్ధం వచ్చినప్పుడు బల్ల మీద పటం పరుస్తారు. పటమంతా గడులు. గడికి అంగుళం, అంగుళానికి అయిదడుగుల నేల.

మేనల్లుడు చేసుకొచ్చిన పటం చూశాను. డంజన్‌డ్రాఫ్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో గీశాడట. భీకరంగా ఉంది, కాదనను. నేలంతా బూడిదరంగు. ఎండుచెట్లు, కొమ్మకో కాకి. గుట్టలుగా పుర్రెలు, విరిగిన రథచక్రం, మధ్యలో రక్తపు మడుగు. కానీ ఆట మొదలయ్యాక చూస్తే అందరూ ఆ పుర్రెల మీదుగా గుడి ప్రాకారంలో తిరిగినట్టు తిరిగేస్తున్నారు. ఎవడి కాలికీ ఏదీ తగలదు. పుర్రెలు తీసేసి అక్కడ బంతిపూలు పరిచినా యుద్ధం అలాగే నడుస్తుంది. అలాంటప్పుడు ఆ భయం రంగుల్లో ఉన్నట్టా, నేలలో ఉన్నట్టా?

“మరి నువ్వు గియ్యి మావయ్యా చూద్దాం” అన్నాడు. గీశాను. రాక్షసులూ మంత్రాలూ తర్వాత ఎన్నైనా కలుపుకోవచ్చు, ముందు నేల నిజమైంది కావాలన్నాను. నాకు తెలిసిన నేలల్లో అంత క్రూరమైంది బందరు రొంపే. పైగా ఆ యుద్ధం మన దారినే నడిచి వెళ్లింది. రాజమహేంద్రవరం నుంచి ఏలూరు, ఏలూరు నుంచి కొల్లేటి సీమ మీదుగా బందరు.

ఆ దారి గీయడానికి ముందు చెరపవలసినవి చాలా ఉన్నాయి. మన కళ్లకు అలవాటైన డెల్టా 1759లో లేదు. ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ దొర కట్టింది 1847కూ 1852కూ మధ్య. అంటే తాడేపల్లిగూడెం పక్కనుంచి పోయే ఏలూరు కాలువ చెరిపెయ్యాలి. దాని కింద సాగయ్యే పచ్చని మడి చెరిపెయ్యాలి. కొల్లేటి చేపల చెరువులు సరేసరి. గుర్రపుడెక్క కూడా తీసెయ్యాలి, అది దక్షిణ అమెరికా మొక్క, మన దేశం వచ్చింది పంతొమ్మిదో శతాబ్దం చివర్లో. సర్కారు తుమ్మ అప్పటికి లేదు. బందరు తీరాన సరుగుడు తోటలూ లేవు. మేనల్లుడి పటంలోని ఎండుచెట్లు అచ్చం సర్కారు తుమ్మల్లా ఉన్నాయి, వాటినీ పీకేశాను. అన్నీ చెరిపాక మిగిలింది చూస్తే వాడికి బెంగ పట్టుకుంది. వానాకాలం నీళ్లు, ఎండాకాలం బీటలు, బుడమేరూ తమ్మిలేరూ తెచ్చి పోసేదంతా ఉప్పుటేరు దాకా ఎక్కడికక్కడ పరుచుకునే పల్లం, మెరక మీద తాళ్లు, దూరంగా లంకల మీద గుడిసెలు. “ఇందులో ఏముంది మావయ్యా, ఖాళీ కదా!” అన్నాడు. ఒక సేనను అందులో నడిపించి చూడమన్నాను.

ఫోర్డ్ సేన బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చి 1758 అక్టోబరులో విశాఖపట్నంలో దిగింది. పిలిపించింది విజయనగరం పూసపాటి ఆనందరాజు. అంతకుముందు ఏడాది జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో బొబ్బిలి కోటను నేలమట్టం చేయించిన విజయరామరాజును తాండ్ర పాపారాయుడు డేరాలో పొడిచి చంపాడు. ఆ గద్దె మీదికి వచ్చిన ఆనందరాజుకు ఫ్రెంచివాళ్లతో పొసగలేదు. కలకత్తాలో ఉన్న క్లైవుకు కబురు పెట్టాడు. క్లైవు 500 మంది తెల్లవాళ్లనూ 2,000 మంది సిపాయిల్నీ ఇచ్చి ఫోర్డ్‌ను పంపాడు. డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి మైదానంలో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడి, గుర్రమెక్కి పారిపోయాడు. రాజమహేంద్రవరం ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది.

అక్కడ ఆగిపోయారు. డబ్బు లేదు. సేన ఖర్చు ఇస్తానన్న రాజు ఇదిగో అదిగో అంటాడు. ఇస్తేగానీ కదలనంటాడు ఫోర్డ్. మాటలతోనే వారాలు గడిచాయి. జనవరి చివర్లో బయల్దేరి ఫిబ్రవరి మొదటి వారంలో ఏలూరు చేరారు. అక్కడా మళ్లీ రాజు కోసం చూపులే. మార్చి మొదట్లో కదిలి, కొల్లేటి పల్లం దాటి, దారిలో అడ్డొచ్చిన చిన్న ఫ్రెంచి దండును తేల్చుకుని, మార్చి 6కు బందరు కనుచూపు మేరకు వచ్చారు. మార్చి కాబట్టి వచ్చారు. ఆ ఆలస్యం శ్రావణం దాకా సాగి ఉంటే కొల్లేటి దగ్గరే ఆగిపోయేవారు. పటం గీసేవాళ్లు నెలను కూడా గీయాలని నేను అనేది ఇందుకే. ఒకే నేల, మాఘంలో దారి, శ్రావణంలో సముద్రం.

ఇప్పుడు బందరు. కోట ఒకచోట, పేట ఇంకోచోట. కోట సముద్రానికి కాస్త ఇవతల, ఏటి పాయ పక్కన. పేట కోటకు వాయవ్యాన, మెరక మీద. రెంటికీ మధ్య అంతా రొంపి. ఆ రొంపి మీదుగా దాదాపు 2,000 గజాల పొడవున తిన్నని కట్ట, దాని మీదే రాకపోకలు. కట్ట కోటను తాకేచోట పెద్ద ద్వారం, దాని ముందు ఫ్రెంచివాళ్లు కట్టుకున్న రావెలిన్ అనే కాపుదిబ్బ. తూర్పున సముద్రం వైపు ఇసుక దిబ్బలు. కోటలో బురుజులు, చుట్టూ కందకం, ఆ కందకంలోకి పోటు వేళ సముద్రపు నీళ్లు.

ఇక్కడ గడుల లెక్క చేతులెత్తేస్తుంది. 2,000 గజాలంటే 6,000 అడుగులు, అంటే 1,200 గడులు. గడికి అంగుళం చొప్పున కట్ట ఒక్కటే నూరడుగుల కాగితం. మా వీధి అరుగుల మీద పరిచినా మలుపు తిరగాల్సిందే. అందుకని రెండు పటాలు గీశాను. ఒకటి పెద్దది, షడ్భుజాల గడులతో, కోటా పేటా దిబ్బలూ అన్నీ ఇమిడేట్టు. రెండోది ఈశాన్య బురుజు ముందున్న నేల మాత్రం, అంగుళం గడులతో. ఈ రెండు పటాల పద్ధతి కొత్తదేం కాదు. 1974 నాటి మొదటి ఆటలో ఇంటి లోపలి యుద్ధాలకు గళ్ల కాగితం గీసుకోమన్నారు. ఆరుబయటి ప్రయాణానికి మాత్రం అవలాన్ హిల్ కంపెనీ అమ్మే ‘అవుట్‌డోర్ సర్వైవల్’ అనే వేరే ఆట బోర్డు తెచ్చుకోమన్నారు. అడవీ కొండా రొంపీ షడ్భుజాల్లో అచ్చువేసిన బోర్డు అది. ఆకలి, దాహం, దారి తప్పడం, ఇవే అందులో శత్రువులు. రాక్షసుడు ఒక్కడూ లేడు.

ఈ ఆటల వేళ్లు ఇంకా వెనక్కి, సైన్యంలోకి పోతాయి. ప్రష్యాలో రైస్విట్జ్ అనే ఆయన రాజుగారికి బల్ల మీద ఆడే యుద్ధం చేసిచ్చాడు. నేల ముక్కలు ముక్కలుగా ఉంటుంది. నది ముక్క, గుట్ట ముక్క, రోడ్డు ముక్క, ఎలా కావాలంటే అలా పేర్చుకోవచ్చు. ఆయన కొడుకు 1824లో దాన్ని 1:8,000 కొలత పటాల మీదికి మార్చి సైన్యానికి నేర్పాడు. అందులో నాకు నచ్చింది మధ్యవర్తి. రెండు పక్షాలకూ మధ్య కూర్చుని, ఎవరికి ఏది కనిపిస్తుందో అదే వాళ్లకు చెప్పేవాడు. ఇవాళ మేనల్లుడి బల్ల దగ్గర కథ నడిపేవాడు ఆ మధ్యవర్తి వంశమే.

అందుకని బందరుకు నేను మూడో పటం కూడా గీశాను. అది చందుర్తిలో ఓడి బందరు కోటకు చేరిన కాన్‌ఫ్లాన్స్ తలలో ఉన్న పటం. అందులో నైరుతి రొంపి అంతా నల్లగా పులిమి ‘దాటరాదు’ అని రాశాను. నిజమైన పటంలో అదే చోట గడి గడికీ లోతు వేశాను. చీలమండ, మోకాలు, తొడ. ఆటలో ఒక మనిషి ఆరు సెకన్లలో ముప్ఫై అడుగులు, అంటే ఆరు గడులు నడుస్తాడు. కష్టమైన నేలలో మూడే. దాని మీద నేను ఇంకో మెలిక పెట్టాను. మోకాలి లోతు గడిలో నిలబడి కదలకుండా ఒక వంతు గడిపితే తర్వాతి వంతు కాలు తీయడానికే సరి. దాంతో కుర్రాళ్లు ఆగి ఆలోచించడం మానేశారు. రొంపిలో ఆగకూడదని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, పటమే చెప్పింది. కోనసీమ రైతు ఎవరినడిగినా ఇదే చెబుతాడు.

కథలోకి వద్దాం. ఫోర్డ్ తూర్పున ఇసుక దిబ్బల మీద దిగాడు. లోపల కాన్‌ఫ్లాన్స్ దగ్గర సుమారు 500 మంది యూరోపియన్లు, వాళ్లకు తోడు రెండువేలకు పైగా సిపాయిలు, తదితరులు. అంటే ముట్టడించినవాళ్లకన్నా ముట్టడిలో ఉన్నవాళ్లే ఎక్కువ. ఆ ముట్టడిని చూసి నవ్వుకోవాల్సింది కాన్‌ఫ్లాన్సే. ఫోర్డ్ తన దగ్గరున్న డబ్బంతా, సైనికులకు పంచవలసిన కొల్లసొమ్ముతో సహా, సేన ఖర్చులకే వాడేశాడు. మార్చి 18న తెల్ల సైనికులు ఆయుధాలతో గుడారాల ముందుకొచ్చి నిలబడ్డారు, మా సొమ్ము ఇస్తారా, మమ్మల్ని వెళ్లిపొమ్మంటారా అని. కోట పడితే దొరికేదంతా మీదేనని మాటిచ్చి ఎలాగో నిలబెట్టుకున్నాడు. కోట పడకపోతే ఏమిటన్న ప్రశ్న ఎవరూ వెయ్యలేదు కాబోలు.

25న ఫిరంగులు మొదలయ్యాయి. పగలు బురుజు కూలుతుంది, రాత్రి ఫ్రెంచివాళ్లు మట్టితో పూడుస్తారు. అంతలో దక్కను సుబేదారు సలాబత్ జంగ్, ఫ్రెంచివాళ్ల స్నేహితుడు, పెద్ద దండుతో బెజవాడ చేరాడన్న కబురు. అటు రాజమహేంద్రవరం మళ్లీ ఫ్రెంచివాళ్ల చేతికి పోయింది. సలాబత్ జంగ్ నుంచి ఆనందరాజుకు తాఖీదు, ఇంగ్లీషువాళ్లను వదిలి వెంటనే రమ్మని. రాజు భయపడి చెప్పాపెట్టకుండా రాత్రికి రాత్రి ఇంటిదారి పట్టాడు. ఫోర్డ్ మనిషిని పంపి ఒక్క సంగతి అడిగించాడు. ముందు ఫ్రెంచి సేన, వెనక సుబేదారు గుర్రపు దండు, మీరు ఏ దారిన ఇల్లు చేరతారు? రాజు వెనక్కి వచ్చేశాడు. ఇది కూడా పటం చూపించి గెలిచిన వాదమే.

మా బల్ల దగ్గర దీన్ని ఎలా పెట్టాలో తేల్చడానికి చాలాసేపు పట్టింది. యుద్ధపటం అంచుల దగ్గర ఆగిపోతుంది. కానీ ఫోర్డ్‌ను నలుపుతున్నదంతా అంచులకు అవతలే ఉంది. బెజవాడలో గుర్రాలు, రాజమహేంద్రవరంలో ఫ్రెంచి దండు, సముద్రం మీద రాబోయే ఓడలు. అందుకని పటం నాలుగు అంచులకూ నాలుగు చీటీలు అంటించాను. రోజుకొకసారి పాచిక, దాన్నిబట్టి చీటీ ఒక అంగుళం లోపలికి. కుర్రాళ్ల కళ్లు కోట మీద కన్నా ఆ చీటీల మీదే. పుర్రెల పటంలో రాని బెదురు ఈ నాలుగు కాగితం ముక్కలతో వచ్చింది.

ఏప్రిల్ 5 సాయంత్రం గాలి తిరిగింది. ఉరుములు, మెరుపులు, కుండపోత. మర్నాడు కూడా అంతే. రొంపి ఇంకా మెత్తబడింది. 7న తెరిపి ఇచ్చి ఎండ కాసింది. ఆ పొద్దున ఫిరంగుల వాళ్లు వచ్చి మందుగుండు ఇంకా రెండు రోజులకే సరిపోతుందని చెప్పారు. వెనక్కి పోవడానికి ఓడలు ఉన్నాయి, పోవచ్చు. ఫోర్డ్ ఆ రాత్రికే దాడి అన్నాడు.

పంచాంగం లెక్కన అది ప్రమాది నామ సంవత్సరం చైత్ర శుద్ధంలో శ్రీరామనవమి చుట్టుపక్కల రాత్రి. అంటే అర్ధరాత్రి వేళ చంద్రుడు సగానికి పైగా నిండి పడమటికి వాలుతున్నాడు. వెలుగు పటం గీసేటప్పుడు ఇది ముఖ్యం. తూర్పున ఉన్న ఫోర్డ్ మనుషుల ముఖాల మీదికే వెన్నెల, కోట గోడ నీడ వాళ్లవైపుకే. నీడలోకి చేరేదాకా ప్రమాదం, చేరాక నీడే అండ. నేను పటంలో నీడ అంచును ఒక గీతగా గీసి, గంటకోసారి జరిపాను. అన్నట్టు హేలీ తోకచుక్క సూర్యుడి చుట్టూ తిరిగి వెనక్కి మళ్లింది కూడా ఆ ముట్టడి నడిచే రోజుల్లోనే, మార్చి 13న. మేనల్లుడు ఎగిరి గంతేసి దాన్ని పటం మూలన గీసేశాడు. ఉండనిచ్చాను.

ముహూర్తం అర్ధరాత్రికి పెట్టింది చీకటి కోసం కాదు, ఆటు కోసం. ఆ వేళకు సముద్రం వెనక్కి పోయి కందకంలో నీళ్లు మూడడుగులే ఉంటాయి. దాడి మూడు ముక్కలు. నాక్స్ 700 మంది సిపాయిలతో, తానూ యార్కూ కాలితో కొలిచిన నైరుతి రొంపి దాటి అటువైపు అల్లరి మొదలుపెట్టాలి. రాజుగారి మనుషులు కట్ట మీదుగా వచ్చి పెద్ద ద్వారం ముందు గోల చెయ్యాలి. ఈ రెండూ ఉత్తుత్తివే. అసలు దాడి ఈశాన్యాన, ఫిరంగులు కొట్టి కొట్టి కూల్చిన బురుజు మీద.

అంతా సిద్ధమయ్యాక కెప్టెన్ కాలెండర్ కనిపించడు. ముందు వరుస నడిపించాల్సినవాడు ఆయనే. చూసి చూసి ఇక లాభంలేదని కెప్టెన్ ఫిషర్ నడిపించాడు. ఆ ఆలస్యంతో అసలు దండు ఇంకా రొంపి మధ్యలో ఉండగానే నైరుతి నుంచి నాక్స్ కాల్పులు వినిపించాయి. కోటంతా లేచింది. దాటలేరనుకున్న మూల నుంచి తుపాకులు పేలుతున్నాయి. కట్ట దగ్గర రాజు మనుషులు మిన్ను విరిగేలా అరుస్తున్నారు. కాన్‌ఫ్లాన్స్ ఎటు మనుషుల్ని పంపాలి? ఆయన దగ్గర మనుషులకు కొదవలేదు. లేనిది ఏ చప్పుడు నిజమో చెప్పేవాడే.

ఈశాన్యాన మోకాలి లోతు బురదలోంచి బయటపడి, నడుం దాకా నీళ్లలో కందకం దాటి, అవతల పాతిన కర్రల దడిని ఊడబెరుకుతుండగా పైనుంచి చూశారు. గుళ్ల వాన మొదలైంది. అయినా కూలిన మట్టి మీదుగా పాక్కుంటూ ఎక్కేశారు. ఫిషర్ ఉత్తరపు గోడ వెంట కుడికి తిరిగాడు. అప్పుడు ఎక్కడినుంచి వచ్చాడో కాలెండర్ వరుస ముందుకొచ్చి నిలిచాడు. ఎక్కడికి పోయావని అడగడానికి వ్యవధి లేదు. కొద్దిసేపటికే గుండు తగిలి పడిపోయాడు. ఫిషర్ మనుషులు పెద్ద ద్వారం చేరి తలుపులు మూసేశారు. దాంతో రాజు మనుషుల గోల విని బయటి కాపుదిబ్బలోకి పరుగెత్తిన ఫ్రెంచివాళ్లు బయటే ఉండిపోయారు.

యార్క్ ఎడమకు తిరిగాడు. ఎదురైన ఫ్రెంచి అధికారి కత్తి దూసిన చేతినే పట్టుకుని లొంగిపొమ్మన్నాడు. బురుజు వెనక బురుజు పట్టుకుంటూ పోతుండగా దారిలో ఒక మందుగుండు కొట్టు కనిపించింది. ఎవడో “మందుపాతర!” అని అరిచాడు. అంతే, అంతదాకా ప్రాణాలకు తెగించి వచ్చినవాళ్లు ఒక్క మాటకు పరుగో పరుగు, ఎక్కిన బురుజు దాకా. యార్క్ మిగిలాడు, ఆయన పక్కన డోలు వాయించే నల్లజాతి పిల్లలు ఇద్దరు. వాళ్లు కదం తొక్కే దరువు వాయిస్తూనే ఉన్నారు, ఎవరూ రాలేదు. యార్క్ వెనక్కి వెళ్లి తిట్టి, బెదిరించి తీసుకొస్తే 36 మంది వెంట వచ్చారు. ఆ వ్యవధిలో ఫ్రెంచివాళ్లు ఒక ఫిరంగిని ఇటు తిప్పి గుళ్లు దట్టించి సిద్ధంగా ఉన్నారు. ఒకే దెబ్బ. యార్క్ రెండు తొడల్లోంచీ గుళ్లు దూసుకుపోయాయి. డోలు పిల్లలిద్దరూ అక్కడే చనిపోయారు.

కాన్‌ఫ్లాన్స్ కబురు పెట్టాడు, మర్యాదగల షరతులిస్తే కోట ఇస్తానని. షరతుల్లేవు, ఊరికే లొంగాలన్నాడు ఫోర్డ్. లొంగాడు. ఫోర్డ్ వైపు చనిపోయినవాళ్లు యూరోపియన్లు 22 మంది, సిపాయిలు 50 మంది. గాయపడినవాళ్లు అంతకు మూడింతలు. తెల్లవారాక లెక్కిస్తే బందీలు పట్టుకున్నవాళ్లకన్నా చాలా ఎక్కువ. సుమారు 500 మంది యూరోపియన్లు, 2,500కు పైగా సిపాయిలు, ఇతరులు.

సలాబత్ జంగ్ దగ్గర పడేసరికి ఆట మారిపోయింది. మే 14న సంధి. బందరూ నిజాంపట్నమూ కొండవీడూ చుట్టుపక్కల నేలంతా ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. ఫ్రెంచివాళ్లను తన కొలువులో ఉంచుకోనన్నాడు. కృష్ణా గోదావరుల మధ్య కంపెనీ పెత్తనం పాతుకున్నది ఆ కాగితంతోనే. మన తాతముత్తాతలు శిస్తు కట్టిన చరిత్ర అంతా దాని కిందిదే. ఇక బందరు రొంపి అక్కడితో తన పని ముగించలేదు. 1864 నవంబరు 1 రాత్రి తుఫాను ఉప్పెన ఆ పల్లం మీదుగానే ఊళ్లోకి వచ్చి దాదాపు 30,000 మందిని పొట్టనబెట్టుకుంది. మేనల్లుడు ఆ ఉప్పెనను కూడా ఆటలో పెడదామన్నాడు. వద్దన్నాను, దేనికైనా హద్దుంటుంది.

మా ఆట మూడు రాత్రులు నడిచింది. కాన్‌ఫ్లాన్స్‌గా కూర్చున్నవాడు మా అబ్బాయి. వాడికి నల్లగా పులిమిన పటమే ఇచ్చాను. పక్కన కూర్చుని ఫోర్డ్ కోసం పాచికలు వేస్తున్న మేనల్లుడు, ఊరి మనిషిని ఒక పాత్రగా పెట్టమని పట్టుబట్టాడు. కత్తీ మంత్రం ఏమీ లేని పాత్ర. రొంపిలో ఏ గడి ఎంత లోతో తెలియడమే వాడి బలం. రెండు పక్షాలూ వాడిని అడగొచ్చు. ఎవరు మర్యాదగా అడిగితే వారికి చెబుతాడు. ఫ్రెంచి పక్షం ఒక్కసారి కూడా అడగలేదు. కోటలో పనికి వచ్చే కూలీని అడగాలని దొరకు తోచదు కదా.

దాడి రాత్రి మా అబ్బాయి మూడు వంతుల మందిని కట్ట వైపు పంపేసి, చప్పుడు నైరుతినుంచి రాగానే పటం తిరగేసి చూశాడు. “ఇది దాటరాదని రాసుంది కదా బావా!” అన్నాడు.

“రాసింది నువ్వు నమ్మావు. కొలిచావా?”

కోట పడ్డాక పేచీ ఓడల దగ్గర వచ్చింది. మూడో అంచు చీటీ అదే. పుదుచ్చేరి నుంచి 300 మంది సైనికులతో వచ్చిన ఫ్రెంచి ఓడలు నిజంగా బందరు ముందు కనిపించింది కోట పడిన వారం రోజులకు. మా అబ్బాయి వాదన ఏమిటంటే, ఎప్పుడు వచ్చాయో పుస్తకంలో ఉన్నాక ఆ చీటీకి పాచిక ఎందుకు, అది తీసేసి ఆడించి ఉంటే తాను ఓడల ఆశ మీద అన్ని రోజులు కూర్చునేవాణ్నే కాదని.

“కాన్‌ఫ్లాన్స్ దగ్గర ఆ పుస్తకం ఉందేంట్రా?” అన్నాడు మేనల్లుడు, పాచికలు డబ్బాలో వేస్తూ. వచ్చే సంక్రాంతికి మళ్లీ ఆడతారట, పక్షాలు మార్చుకుని. ఈసారి ఊరి మనిషి ఎవరి మాట వింటాడో ముందే తేల్చమని ఇద్దరూ నన్ను పీక్కుతింటున్నారు. చెప్పలేదు.